జవాబు రాని పిలుపు

"మీ బావ చనిపోయాడు" అన్నాడు చీఫ్, ఉపోద్ఘాతం లేకుండా. "బస్టాప్‌లో. ఆపద బటన్ నొక్కి, ఇరవై నిమిషాలు అక్కడే కూర్చున్నాడు."

బావ పారిపోకుండా ఎందుకు కూర్చున్నాడో ప్రపంచంలో ఏజెంట్ సూది ఒక్కడికే తెలుసు.

బావతో సహా ఏజెంట్లందరి ఫోన్లలో ఉన్న ఆ ఆపద బటన్ యాప్ రాసింది అతనే. బటన్ నొక్కగానే ఫోన్‌లో ముందే ఉన్న నేటివ్ కోడ్, సర్వర్ నుంచి వచ్చే స్క్రిప్ట్‌లో 'రక్షించు' అనే ఫంక్షన్‌ని పేరుపెట్టి పిలుస్తుంది. ఆ ఫంక్షనే సాయం పంపాలి; పేరు మారితే పిలుపు ఎవరికీ అందదు. కానీ డెమో రోజు చీఫ్ తొందరపెడితే, జవాబు కోసం ఆగకుండానే తెరమీద 'సాయం వస్తోంది' అని చూపించేలా సూది రాసేశాడు. తర్వాత సరిచేద్దాం అనుకున్నాడు. చెయ్యలేదు.

"శత్రువులు స్క్రిప్ట్‌లో ఫంక్షన్ పేరు మార్చారు. మన సర్వర్ తాళం గాయని దగ్గరుంది" అన్నాడు చీఫ్. ఆవిడ పాటల ముసుగులో రెండు వైపులా పనిచేసే అందాల డబుల్ ఏజెంట్. "పన్నెండింటికి మన వాళ్ళలో ఐదుగురిమీద శత్రువుల దాడి. ఆలోపు పాత పేరు పెట్టెయ్."

పదకొండున్నరకు సూది మైకుల మెకానిక్ వేషంలో రిహార్సల్ హాల్లో ఉన్నాడు. గాయని కాలర్‌కి మైకు తగిలిస్తూ, పక్కనున్న రాళ్ళ పిన్ను కాజేశాడు. అందులోనే ఉంది డిజిటల్ తాళం. సౌండ్ బోర్డు చాటున లాప్‌టాప్ తెరిచాడు. ఆ తాళాన్ని అంగీకరించడానికి సర్వర్ పావుగంట తినేసింది.

పదకొండు యాభై తొమ్మిదికి పాత పేరు టైప్ చేశాడు, ఇక ఎంటర్ కొట్టడమే. మెడకి చల్లగా పిస్టల్ తగిలింది.

"చేతులు పైకి" అంది గాయని.

"మా బావని చంపావు."

"నేను మార్చింది ఒక్క పేరేనయ్యా. సాయం వస్తోందని ఆయనకి అబద్ధం చెప్పింది నీ కోడ్."

ఆ మాట తూటాకన్నా లోతుగా దిగింది. నిజం కాబట్టి. అయినా మిగతా ఐదుగురు గుర్తొచ్చి, మోచేత్తో మైకు వాల్యూమ్ మీటని పైదాకా నెట్టాడు. స్పీకర్లు కీచుమన్నాయి. ఆవిడ చెవులు మూసుకుంది. సూది ఎంటర్ కొట్టి, పిస్టల్ లాక్కున్నాడు.

పన్నెండుంపావుకి అతని చెవిలోని ఇయర్‌పీస్ పలికింది: "ఐదుగురూ నొక్కారు. ఐదు పిలుపులూ అందాయి. మనవాళ్ళు చేరుకున్నారు."

సాయంత్రం చీఫ్ ఫైలు మూశాడు. "తప్పంతా గాయనిదే అని రాశాను. నీకు మెడల్."

"అక్కకి నిజం చెప్పాలి సార్. ఆవిడ నన్ను పట్టుకుని ఏడుస్తోంది. తట్టుకోలేకపోతున్నాను."

"యాప్ రహస్యం బయటపెడితే ఏడేళ్ళు జైలు. ఆలోచించుకో."

సూది ఆలోచించుకున్నాడు. ఇంటికెళ్ళి రెండు జతల బట్టలు, టూత్‌బ్రష్ సంచిలో సర్దుకుని, నేరుగా అక్క ఇంటికెళ్ళి బెల్ కొట్టాడు.