అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి

"బోల్టుల సంగతి తేలేదాకా నేను ఒప్పుకోను," అన్నాడు యోరిట్.

ఆ మాట తోరున్‌తో అంటూ చూపు మాత్రం కిటికీకి అప్పగించాడు. బయట నార్వేలోని స్టవాంగర్ రేవులో వాన పైనుంచి పడటం మానేసి, సముద్రం మీంచి అడ్డంగా వస్తోంది. ఆ ఊళ్ళో గొడుగు కొనేది కొత్తవాళ్ళే.

"నిన్న కూడా ఇదే మాటన్నారు," అంది తోరున్.

"నిన్న కూడా అవే బోల్టులు కదండీ."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తోరున్ నవ్వలేదు. ఆమె ఆ బృందానికి సెక్రటరీ. సెక్రటరీ నవ్వితే ఒక పక్షం వైపు నవ్వినట్టవుతుంది.

సముద్రం అడుగున చమురు, గ్యాసు గొట్టాలకు బిగించే వాల్వు ఎలా ఉండాలో చెప్పే నియమాలు యూరప్‌కు ఒక రకం, మిగతా ప్రపంచానికి ఇంకో రకం. ఒకే కార్ఖానా ఒకే వాల్వును రెండు విధాలుగా పరీక్షించి పంపాల్సి వస్తోంది. ఆ రెండిటినీ కలిపి ఒక్క పత్రం చేయడానికి ఈ బృందం కొన్నేళ్ళుగా ఊరూరా కూర్చుంటోంది. ఒక వాక్యం అక్కడిది, ఒక వాక్యం ఇక్కడిది. రెండు కాపురాల సామాను ఒకే ఇంట్లో సర్దినట్టు. ఇక మిగిలింది బోల్టుల వాక్యమే. అది తేలితే పని పూర్తవుతుంది. పని పూర్తయితే బృందం రద్దవుతుంది, ఎవరి దేశానికి వాళ్ళు.

ఆ చివరి సంగతి గురించి తోరున్ ఆలోచించదు. ఆలోచించడం లేదని మాత్రం రోజూ గుర్తు చేసుకుంటుంది.

చైర్మన్ ఫార్కర్ అబర్డీన్ నుంచి వచ్చిన పెద్దాయన. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"యోరిట్, బాబూ, యూరప్ పత్రం వాల్వుకీ బోల్టులకీ కూడా చలిలో సుత్తి దెబ్బ పరీక్ష పెట్టమంటోంది. అంతర్జాతీయ పత్రం వాల్వుకి చాలు, బోల్టులు కొనేవాడి ఇష్టం అంటోంది. అందరూ రెండోదానికి సరేనన్నారు. నీ ఒక్కడికే ఎందుకయ్యా ఈ పట్టు?"

"తలుపు గట్టి చెక్కదై, బందులు రేకువైతే దొంగ దేని మీద చెయ్యి వేస్తాడు? చలీ అంతే. బలం లేని చోటే వెతుక్కుంటుంది."

అది నిజమని తోరున్‌కు తెలుసు. ఆమె కూడా ఇంజనీరే. తెలిసినా కోపం తగ్గలేదు. ఆ కోపానికీ బోల్టులకీ సంబంధం లేదు.

వసంతంలో సమావేశం డెల్ఫ్ట్‌లో, అతని ఊళ్ళోనే జరిగింది. ఆఖరి సాయంత్రం కాలవ గట్టున నడుస్తుంటే అతను సైకిల్ ఆపి, హేండిల్ పట్టుకునే అన్నాడు: "మీరంటే నాకు ఇష్టం తోరున్. దాచుకోవడం చేతకాక చెప్పేస్తున్నాను. అభ్యంతరం ఉంటే చెప్పండి."

ఆమె నీళ్ళకేసి చూసింది. నీళ్ళలో చర్చి గోపురం తలకిందులుగా వణుకుతోంది. ఆమె ఏమీ అనలేదు.

మనవాళ్ళు మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ బృందంలో అది పూర్తి అంగీకారం. చైర్మన్ వాక్యం చదువుతాడు, "అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి" అంటాడు, కాసేపు ఆగుతాడు. ఎవరూ పలకకపోతే చెక్క సుత్తితో బల్ల మీద కొడతాడు. ఇక అందరూ ఒప్పుకున్నట్టే. ఆ పద్ధతిలో మునిగిన తోరున్ తన జీవితంలో అతి పెద్ద మాట చెప్పేశానన్న తేలికతో ఊరికి వచ్చింది. వేసవి సాయంత్రాల్లో, అస్తమించడం మరిచిపోయిన వెలుతురులో, ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంది. అతను ఫోన్ చేయలేదు. ఇప్పుడొచ్చి బోల్టులంటున్నాడు.

విరామంలో బల్ల మీద వేఫుల్స్ అనే గళ్ళ అట్లు, గోధుమరంగు జున్ను పెట్టారు. ఆమె కాఫీ పోసుకుంటుంటే అతను పక్కకి వచ్చాడు.

"జున్ను బావుంది."

"బావుండదు. పైదేశం వాళ్ళు మర్యాదకి అంటారు."

"నేను డచ్చివాణ్ణి. మాకు మర్యాద నేర్పరు. నిజంగానే బావుంది."

ఇంకో రోజైతే ఆమె నవ్వేదే. "మీ వల్ల అందరి టైమూ వృథా అవుతోంది," అంది.

"అందరిదా, మీదా?"

"నా సంగతి వదిలేయండి."

"నిజమే. సెక్రటరీకి అభిప్రాయం ఉండదు. డెల్ఫ్ట్‌లోనే తెలిసింది."

ఆ మాట ఎందుకన్నాడో ఆమెకు అర్థం కాలేదు గాని చురుక్కుమంది. "ఆ వాక్యం వదిలేస్తే తొందరగా ఊరెళ్ళిపోవచ్చు కదా. ఇక్కడ మీకు పనేం ఉంది?"

యోరిట్ చేతిలోని వేఫుల్ కింద పెట్టేశాడు. "మీకు అదే కావాలా?"

ఆమె మళ్ళీ ఏమీ అనలేదు.

"సరే," అన్నాడు.

తోరున్ ఇల్లు ఊరికి ఎదురుగా ఉన్న చిన్న దీవిలో. తండ్రి అవుదున్ ఫెర్రీ నడిపి రిటైరైనవాడు. తల్లి ఓస్లో వెళ్ళిపోయినప్పటి నుంచీ తోరున్ ఆ ఇద్దరి మాటలనూ ఒకరి దగ్గర్నుంచి ఒకరికి, పదును తగలకుండా గుడ్డలో చుట్టి మోసుకెళ్ళేది. రెండు పక్షాల మధ్య నిలబడే పిల్లకు తన పక్షమంటూ ఒకటి మిగలదు. పెద్దయ్యాక అదే ఆమె ఉద్యోగమైంది. అందరూ ఆమె ఓర్పును మెచ్చుకునేవారు. అది ఓర్పు కాదేమో, దాక్కునే చోటేమోనని ఆమెకు ఒక్కోసారి అనిపించేది.

"ఏంటమ్మాయ్, సూపులో చెంచా తిప్పుతున్నావు గాని చేప ముక్క ఒక్కటీ తినలేదు," అన్నాడు అవుదున్ ఆ రాత్రి.

"ఒక డచ్చివాడు నాన్నా."

"బోల్టులవాడా?"

"నీకెలా తెలుసు?"

"వసంతం నుంచీ వింటున్నానుగా. యోరిట్ ఇలా అన్నాడు, యోరిట్ అలా నవ్వాడు అన్నావు. వేసవంతా ఆ పేరే లేదు. నాకు భయమేసింది అప్పుడే. ఇప్పుడేమో డచ్చివాడంటున్నావు. పర్లేదు, తిట్టుకుంటున్నావంటే ఆ ఇష్టం బతికే ఉంది."

తోరున్ చెంచా ఆపింది. "అతను అడిగాడు నాన్నా. నేను కాదనలేదు. తర్వాత అతను పలకలేదు."

"కాదనలేదు సరే. అవునన్నావా?"

"అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టేగా."

"ఏ దేశంలోనే?"

"మా కమిటీలో."

అవుదున్ గరిటె గిన్నెలో వదిలేసి కూతురి వైపు చాలాసేపు చూశాడు. నవ్వాలో జాలిపడాలో తేల్చుకోలేని చూపు.

"నా పిచ్చి తల్లీ, జీవితమంతా ఫెర్రీ నడిపాను. రేవులో నిలబడి చెయ్యెత్తనివాడి కోసం ఒక్కనాడూ పడవ ఆపలేదు. గాలి పీల్చుకోడానికి వచ్చాడేమో అనుకుని పోయేవాణ్ణి. వాడు అక్కడ నిలబడి నన్ను తిట్టుకున్నాడో ఏమో, నాకేం తెలుస్తుంది?"

మర్నాడు సమావేశంలో నార్వే తరపు సభ్యుడి కుర్చీ ఖాళీగా ఉంది. వారం మొదటి నుంచీ ఆ సభ్యుడికి జ్వరం. ఫార్కర్ బోల్టుల వాక్యం చదవడానికి కాగితం తీశాడో లేదో, యోరిట్ చెయ్యెత్తాడు.

"నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను."

"అదేంటయ్యా, రాత్రికి రాత్రి బోల్టులు గట్టిపడ్డాయా?"

"లేదు. నేనే మెత్తబడ్డాను. అందరి టైమూ పోతోంది."

ఫార్కర్ భుజాలెగరేసి వాక్యం చదివాడు. సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. "అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి."

గది నిశ్శబ్దమైంది. వాన కూడా వినడానికి ఆగినట్టుంది. తోరున్‌కు ఆ నిశ్శబ్దం బాగా పరిచయం; అందులోనే ఆమె పెరిగింది. నిద్రలో నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు, మెత్తగా, చల్లగా, ఎవరికీ ఏ నొప్పీ లేకుండా ఉంటుంది లోపల. ఇంకో క్షణం అలాగే ఉంటే చాలు. వాక్యం నిలుస్తుంది, బృందం చెదురుతుంది, అతను ఊరెళ్ళిపోతాడు. ఏదీ ఆమె చేసినట్టు ఉండదు.

ఆమె లేచింది. బల్ల చుట్టూ నడిచి వెళ్ళి నార్వే కుర్చీలో కూర్చుంది.

"నార్వేకు అభ్యంతరం ఉంది."

సుత్తి గాల్లో ఆగింది. "అమ్మా, నువ్వు సెక్రటరీవి కదా?"

"సభ్యుడు రాకపోతే ఆయన బదులు నేను మాట్లాడాలని వారం మొదట్లోనే మీ ముందే రాయించారు. ఇప్పుడు నేను సెక్రటరీని కాను."

"మరి కారణం? కారణం లేని అభ్యంతరం లెక్కలోకి రాదు. ఆ రూలు మాకు చదివి వినిపించేదే నువ్వు."

"కారణం ఉంది." ఆమె ఫార్కర్ వైపు తిరిగింది. "కొనేవాడి ఇష్టానికి వదిలేస్తే చవక చూసుకునేవాడు బోల్టులకు పరీక్ష చేయించడు. ఉత్తరాన మా సముద్రంలో చలికి ముందు పగిలేది ఆ బోల్టే. దాని పక్కన నిలబడేది మనుషులు. యోరిట్ తప్పని తేలి వెనక్కి తగ్గలేదు. నిన్న నేను నొప్పించాను, అందుకు తగ్గాడు. నా కోపం వల్ల ఒక చెడ్డ బోల్టు సముద్రంలోకి దిగకూడదు."

ఫార్కర్ సుత్తిని పక్కన పెట్టి కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నాడు. ఈసారి తుడుచుకోవడం చాలాసేపు సాగింది.

"అయితే మీరిద్దరూ కూర్చుని అందరూ ఒప్పుకునే వాక్యం రాసుకు రండి. తొందరేం లేదు. వచ్చే సమావేశం డెల్ఫ్ట్‌లో."

"మళ్ళీ డెల్ఫ్టేనా, అక్కడ తిండి తినలేం," అని మిలాన్ నుంచి వచ్చినాయన గొణిగాడు.

సాయంత్రం వాళ్ళిద్దరూ రేవు వెంట నడిచారు. వాన పలచబడి పొగలా ఉంది. యోరిట్ గొడుగు మొదటి మలుపులోనే తిరగబడింది. ఊరి చివర, దీవుల పడవ ఆగే చిన్న చెక్క వంతెన దాకా వచ్చారు.

"నొప్పించానన్నారు," అన్నాడు అతను చివరికి. "నిన్న కాదు. డెల్ఫ్ట్‌లో. అడిగితే నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయారు. కాదనడానికి మొహమాటమేమో అనుకుని ఇక కదిలించలేదు."

"నేను అభ్యంతరం చెప్పలేదు."

అతను నిలబడిపోయాడు. "మీరు... కమిటీ పద్ధతిలో జవాబిచ్చారా?"

"అవును."

"కాలవ గట్టున?"

"నీ సైకిల్ పక్కన నిలబడే." 'నీ' అనేసినట్టు ఆమెకు తర్వాత తెలిసింది.

అతను పడవలు కట్టే ఇనప దిమ్మె మీద కూలబడి, తడిసిన గొడుగు ఒళ్ళో పెట్టుకుని కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. "వేసవంతా మనిషిని కాలేదు నేను. పని అయిపోతే నిన్ను చూసే దారే ఉండదని సగం అందుకే ఆ బోల్టులు పట్టుకు వేలాడాను."

"సగమేనా?"

"మిగతా సగం నిజంగా బోల్టుల కోసమే. అబద్ధం చెప్పలేను."

"చెప్పకు," అంది తోరున్. "మళ్ళీ అడుగు."

అతను లేచి నిలబడ్డాడు. నవ్వు పోయింది. "నువ్వంటే నాకు ఇష్టం తోరున్. అభ్యంతరం ఉంటే చెప్పు."

ఆమె ఊపిరి తీసుకుంది. పాత నిశ్శబ్దం ఒక్కసారి వచ్చి, మెత్తగా, చెయ్యి పట్టుకుని లోపలికి పిలిచింది. తన చేతిని విడిపించుకుని ఆమె పైకెత్తింది.

"నార్వే మాట్లాడతానంటోంది," అన్నాడు అతను మెల్లగా.

"అభ్యంతరం లేదు. అది చాలదని తెలిసింది గనక ఇంకోటి చెబుతున్నా. నువ్వంటే నాకూ ఇష్టం. అప్పుడూ, ఇప్పుడూ."

ఆమె చెయ్యి ఇంకా పైనే ఉంది. దింపాలని తోచలేదు. పొగమంచులోంచి చిన్న కూత వినిపించింది. దూరంగా పోతున్న పడవ దీపాలు వేగం తగ్గించి, వంతెన వైపు తిరిగాయి.

"మన కోసమే ఆగుతోందా?"

"చెయ్యెత్తాను కదా."

"ఎక్కడికి పోతుందది?"

"మా ఇంటికి," అంది తోరున్. "నాన్న సూపు కాస్తుంటాడు. తినేటప్పుడు జాగ్రత్త. బావుందంటే నమ్మడు, గిన్నె ఖాళీ చేస్తేనే నమ్ముతాడు."