ఎండలో రంగు మారిన సీసా

ఆ కోడలు కుర్చీలో కూర్చునే ముందు ఒకసారి వెనక్కి తిరిగి వీధి వైపు చూసింది.

"మా ఆడపడుచుకి నేను విషం పెడుతున్నానట అండీ. పోలీసులకి చెబుతానంటోంది మా అత్తయ్య."

డిటెక్టివ్ గారు యాభై దాటిన ఆవిడ. కళ్లద్దాలు తుడుచుకుంటూ తాపీగా, "పెడుతున్నావా మరి?" అని అడిగారు.

"ఛఛ! లేదండీ!"

"అయితే మొదటినుంచీ చెప్పు."

పోస్టాఫీసులో రిటైరై ఆవిడ దగ్గర అసిస్టెంటుగా చేరిన పెద్దమనిషి నోట్‌బుక్ తెరిచి, కోడలు చెప్పేది రాసుకోసాగాడు. ఆడపడుచు నాట్యపు పోటీలకు వెళ్తుంది. ప్రతి పోటీకీ ముందు ఆమెకు కడుపులో మెలిపెట్టే నొప్పి. స్కానింగులో ఏమీ కనబడదు. ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కిస్తే రెండు రోజుల్లో లేచి కూర్చుంటుంది. నిన్న పరీక్ష కోసం సీసాలో పట్టిన మూత్రం పొద్దున మామూలుగానే ఉంది. కిటికీ గట్టుమీద పెడితే మధ్యాహ్నానికి ద్రాక్షరసంలా మారింది. మధ్యలో ఆ గదిలోకి వెళ్లింది కోడలు ఒక్కతే.

గంటలో ముగ్గురూ ఆ ఇంట్లో ఉన్నారు. ఆడపడుచు మోకాళ్లు ముడుచుకుని పడుకుంది. ఆమె అన్నగారు, అంటే కోడలి భర్త, గుమ్మం దగ్గర తల దించుకు నిలబడ్డాడు.

"పోటీకి ముందు ఏం తింటావమ్మా?" అని డిటెక్టివ్ గారు అడిగారు.

"ఏం తింటానండీ! డ్రెస్సు పట్టాలిగా. నాలుగు రోజులు మంచినీళ్లే."

"ఆ నీళ్లిచ్చేదెవరో అడగండి!" అంది తల్లి.

"పోయినసారి నొప్పి వచ్చినప్పుడు వదిన పుట్టింట్లో ఉంది కదమ్మా," అంది కూతురు నీరసంగా.

డిటెక్టివ్ గారు మంచం దగ్గరికి కుర్చీ లాక్కున్నారు.

"మీ బంధువుల్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా?"

"మా మేనత్తకి," అంది ఆడపడుచు. "రెండుసార్లు పొట్ట కోసి చూశారు. ఏమీ దొరకలేదు."

డిటెక్టివ్ గారు కొత్తగా పట్టిన మూత్రాన్ని రెండు సీసాల్లో పోయించారు. ఒకదానికి నల్లకాగితం చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశారు. రెండోది ఎండ తగిలే కిటికీలో పెట్టి అసిస్టెంటును కాపలా ఉంచారు.

"ముప్పై ఏళ్లు రిజిస్టరు ఉత్తరాలు కాశాను గానీ, ఇలాంటి కాపలా ఇదే మొదలు," అని గొణుక్కుంటూ ఆయన సాయంత్రం దాకా రెప్ప వేయలేదు. ఎవరూ ముట్టుకోలేదు. అయినా కిటికీలో సీసా ఎర్రబడింది. బీరువాలోది లేతగానే ఉంది. దాన్ని కాగితంతో సహా ల్యాబుకు పంపి, పిల్లను ఆస్పత్రిలో చేర్పించారు.

నాలుగో రోజు రిపోర్టు చేతపట్టుకుని డిటెక్టివ్ గారు అందర్నీ ఆమె మంచం చుట్టూ కూర్చోబెట్టారు.

"విషం ఉంది. దాన్ని తయారుచేసింది ఈ పిల్ల కాలేయమే," అన్నారు.

అసిస్టెంటు పెన్సిలు ఆగిపోయింది.

"రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం హీమ్. ఒంట్లో అది అంచెలంచెలుగా తయారవుతుంది. ఈమెకు ఒక అంచెలో పనిచేసే ఎంజైము సగమే ఉంది, పుట్టుకతోనే. మేనత్తకున్నదీ ఇదే అయ్యుండాలి. మామూలుగా ఆ సగంతోనే బండి నడుస్తుంది. తిండి మానేస్తే కాలేయం పని వేగం పెంచుతుంది. సగం తయారైన సరుకు పేరుకుపోతుంది. ఈ నొప్పి దానివల్లే. ఆ సరుకే మూత్రంలోకి వచ్చి వెలుతురు తగిలితే రంగు మారుతుంది. గ్లూకోజు ఎక్కగానే కాలేయం నెమ్మదిస్తుంది. దీన్ని పార్ఫీరియా అంటారని డాక్టరుగారు ఖాయం చేశారు."

"అంటే నా చెల్లెలు పస్తులుండకూడదా?" అన్నాడు అన్నగారు.

"ఉండకూడదు. కొన్ని మందులు కూడా పడవు, డాక్టరుగారు జాబితా ఇస్తారు. నువ్వూ పరీక్ష చేయించుకో నాయనా."

తల్లి లేచి వెళ్లి కోడలి పక్కన కూర్చుంది.

"నా నోటికి అడ్డూ అదుపూ లేకపోయిందే. తప్పయిపోయింది తల్లీ."

కోడలు ఏడుస్తూనే నవ్వింది. "ముందు దాని డ్రెస్సు సంగతి చూద్దాం అత్తయ్యా."

మూడు వారాల తర్వాత ఆడపడుచు కడుపునిండా తిని, రెండంగుళాలు వదులు చేసిన డ్రెస్సులో వేదికెక్కింది. అసిస్టెంటు చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టాడు. ముందు వరుసలో తల్లి మాత్రం వేదిక చూడటం మానేసి, అటూ ఇటూ కూర్చున్న ముక్కూమొహం తెలియని వాళ్లందరికీ వంగి వంగి చెబుతోంది:

"ఆ కుట్టుపని చూశారా? మా కోడలిది!"