దీప్తి వెతికిన ప్యాకేజీ

"ఆ పెన్‌డ్రైవ్ తియ్యండి మేడమ్."

కొత్తగా చేరిన కంప్యూటర్ లెక్చరర్‌తో ల్యాబ్ అసిస్టెంట్ మాట్లాడిన మొట్టమొదటి మాట అది. నమస్తే లేదు, పేరేమిటని అడగడం లేదు. జాషువా అంతే. యంత్రాలతో ఎంత ఓపికగా ఉంటాడో మనుషులతో అంత మొరటుగా ఉంటాడు.

బయట జూన్ వాన. నార్కట్‌పల్లి నుంచి చౌటుప్పల్ దాకా బస్సులో నిలబడి వచ్చి, హైవే దాటేసరికి సగం తడిసిపోయిన దీప్తి జడ చివర పిండుకుంటూ అతని వైపు తిరిగింది.

"ఎందుకు తియ్యాలె?"

"బయటి సాఫ్ట్‌వేర్ గీ ల్యాబ్‌ల ఎక్కించొద్దు. ఏ సైట్‌కెళ్లి తెచ్చిన్రో, అండ్ల ఏమున్నదో ఎవరికెరుక?"

"పిల్లలకు బొమ్మలు గీసుడు నేర్పాలె నేను. సాఫ్ట్‌వేర్ లేకుంట గోడల మీద గీయించాల్నా?"

"రిపాజిటరీల వెతకండి. ఉంటది."

"మీరు ల్యాబ్ అసిస్టెంటా, వాచ్‌మెనా?"

"రెండూ," అన్నాడు జాషువా, నవ్వకుండా.

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు అది. ఆ డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు ముప్పై ఉన్నాయి, అన్నీ పాతవే. విండోస్ కొనలేమని ప్రిన్సిపాల్ దామోదర్ చేతులెత్తేస్తే, జాషువా వాటన్నింటిలోనూ ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాడు. లినక్స్‌కు కావలసిన వేలాది సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను ఒకచోట పెట్టి ఉంచే గోదామునే రిపాజిటరీ అంటారు. కాలేజీలో నెట్ ఉన్నా లేనట్టే కాబట్టి, ఆ గోదాము నకలు ఒకటి ల్యాబ్ మూలనున్న సర్వర్‌లో పెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే సర్వర్ తన గోదామంతా ఒకసారి చూసుకుని, ఏమేమున్నాయో జాబితా రాసుకుంటుంది. ల్యాబ్‌లో ఎవరు ఏం వెతికినా ఆ జాబితాలోనే వెతకాలి.

కుర్చీ లాగి, దీప్తి పక్కన కూర్చుని, బొమ్మల సాఫ్ట్‌వేర్ కోసం ఎలా వెతకాలో చూపించాడు. తెర మీద నాలుగొందల పేర్లు బిలబిలమంటూ దిగాయి.

"గిన్నిట్ల ఏది మంచిదో ఎట్ల తెలుస్తది?"

"పేరు చూసి మోసపోవద్దు మేడమ్. కింద వివరణ చదవాలె. ఎవరు చూసుకుంటున్నరు, ఎంత జాగా పడ్తది, దానెంబడి ఇంకేమేం రావాలె, అన్నీ రాసి ఉంటయి."

"పెండ్లి సంబంధం చూసినట్టే ఉన్నది."

జాషువాకు నవ్వొచ్చింది. దాచుకుందామనుకున్నాడు గానీ అప్పటికే ఆమె చూసేసింది.

ఆ రోజు నుంచి దీప్తికి అదొక పిచ్చి పట్టుకుంది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని ల్యాబ్‌కు వచ్చేది. ఏదో ఒక అక్షరం కొట్టి, వచ్చిన ప్యాకేజీలన్నీ ఒక్కొక్కటే తెరిచి చదివేది. చీరల దుకాణంలో ఏదీ కొనకుండా మడతలన్నీ విప్పించే ఆడవాళ్లలాగా. నక్షత్రాలు చూపించే ప్యాకేజీ, చదరంగం ఆడే ప్యాకేజీ, ఏం రాస్తే అది పలికే ఆవు బొమ్మ ప్యాకేజీ. ఒక అక్షరం అటూ ఇటూ కొడితే తెర మీద రైలుబండి పరుగెత్తించే ప్యాకేజీ దొరికిన నాడు, ఆమె నవ్వు విని పక్క క్లాసులోని పిల్లలు కిటికీ దగ్గరికి వచ్చారు.

"దీన్ని ఎవరు చేసిండ్రు? పని లేదా ఆయనకు?"

"పని ఉన్నోళ్లే చేస్తరు మేడమ్, పని నుంచి తప్పించుకోనీకి."

"నువ్వు కూడా చెయ్యగలవా గిట్లాంటిది?"

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తు లేదు. దసరా సెలవులయ్యాక అనుకోండి. అతను మాత్రం 'మేడమ్, మీరు' దాటి ఒక్క అడుగు ముందుకు రాలేదు.

ఒకనాడు ఆమె చదువుతూ చదువుతూ ఆగిపోయింది. "దీనికి చూసుకునేటోళ్లు ఎవ్వరూ లేరట. అనాథ అని రాసిండ్రు."

"చేసినాయన వదిలేసి పోయినట్టున్నడు. ఎవరన్నా దత్తత తీసుకోవచ్చు."

"ఎవ్వరూ తీసుకోకపోతే?"

"కొన్నాళ్లు చూస్తరు. తర్వాత జాబితాకెళ్లి తీసేస్తరు."

"పాపం కదా," అని దీప్తి తన డబ్బాలోని చింతకాయ తొక్కు కొంచెం తీసి అతని అన్నంలో వేసింది. అడగలేదు, వేసింది. జాషువా ఆ ముద్దను చివరిదాకా అలాగే ఉంచుకుని తిన్నాడు. ప్రేమ అంటే ఏమిటో అతనికి అప్పుడే అర్థమైంది, నోట్లో కారం, కళ్లలో నీళ్లు. నీళ్లు కారానికే అనుకుంది ఆమె.

ఇంట్లో దీప్తి పేరు పది రోజుల్లో పదిసార్లు వినబడేసరికి తల్లి సాలమ్మ కనిపెట్టేసింది. పెద్దగా చదువు లేకపోయినా కొడుకు ముఖం చదవడం ఆమెకు వచ్చు.

"ఎవరోళ్ల పిల్ల?"

"నార్కట్‌పల్లి. వాళ్ల నాయిన పేరు రఘుపతి."

సాలమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. "వాళ్ల పొలంల నేను నాట్లేసిన బిడ్డా. గా చెలకల పత్తి ఏరిన. మంచోళ్లే, కూలి సక్కగనే ఇస్తుండె. గని వాళ్ల ఇంటి లోపల ఎట్లుంటదో నాకు తెల్వదు. వాకిలి దాకనే పోయిన."

జాషువా చేట పక్కకు జరిపి తల్లి దగ్గర కూర్చున్నాడు.

"నేను వద్దంటలేను. ఒక్కటే చెప్త. ఆ పిల్లను ఆశపెట్టి ఆగం చెయ్యకు. ఉంటే ఉన్నదని చెప్పు, లేకుంటే లేదని చెప్పు."

చెప్పాలనే అనుకున్నాడు. రోజూ అనుకున్నాడు. చెప్పలేకపోవడానికి రోజుకో కారణం దొరికింది. ఒకనాడు కరెంటు పోయింది, ఒకనాడు పిల్లలు ఉన్నారు, ఒకనాడు ఆమె తలనొప్పిగా ఉందంది. ఇలాంటివాళ్లను చూస్తే కథ చెప్పేవాళ్లకే ఒళ్లు మండుతుంది.

ఫిబ్రవరిలో ప్రాక్టికల్ పరీక్షలు మొదలైన రెండో రోజు, మంగళవారం, దీప్తి తిన్నగా సర్వర్ దగ్గరికే వచ్చి నిలబడింది.

"శనివారం మా ఇంటికి చూసుకోనీకి వస్తున్నరు. పిలగాని పేరు శ్రీకాంత్. ఫార్మా కంపెనీల నౌకరి."

జాషువా చేతిలో కేబుల్ ఉంది. దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"నువ్వు ఏమన్నా చెప్పేదున్నదా?"

అతను కేబుల్ చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు.

దీప్తి అది చూసి చిన్నగా నవ్వింది. "నీ నోట్లకెళ్లి రాదులే. నాకెరుక. ఒక పని చెయ్. నీ రిపాజిటరీల పెట్టు. నా పేరు మీద ఒక ప్యాకేజీ చెయ్, వివరణల ఏం రాస్తవో రాయి. ఒక్క లైన్ చాలు. శుక్రవారం సాయంత్రం దాకా వెతుకుత. ఉంటే, శనివారం పొద్దుగాల మా నాయినకు నేనే చెప్త. ఎంత లొల్లి అయినా సరే. లేకుంటే లేదనుకుంట. మల్ల అడగ."

ఆ రాత్రి జాషువా మూడు పేజీలు రాశాడు. పొద్దున్న అవన్నీ కొట్టేసి నాలుగు ముక్కలు మిగిల్చాడు. 'మీరంటే నాకు ప్రాణం. నాకు పొలం లేదు, పెద్ద జీతం లేదు. మీరు ఊ అంటే మీ నాయిన ముందట నిలబడ్త. ఆయన ఏమన్నా పడ్త.' ప్యాకేజీ పేరు దీప్తి. చూసుకునేవారు ఎవరు అన్నచోట తన పేరు. బుధవారం మధ్యాహ్నం, ఎవరూ చూడకుండా, గోదాములో పెట్టేశాడు. గుండెల మీది కొండ దిగినట్టు అనిపించింది. ఇక మిగిలింది ఆమె చదవడమే.

గురువారం ఆమె వెతికింది. శుక్రవారం పొద్దున్న వెతికింది. సాయంత్రం నాలుగింటికి పరీక్ష అయిపోయి పిల్లలంతా వెళ్లాక, చివరి వరుసలో కూర్చుని మళ్లీ వెతికింది. ఈ చివర సర్వర్ దగ్గర కూర్చుని జాషువా చూస్తున్నాడు. ఆమె కొట్టింది, ఆగింది, మళ్లీ కొట్టింది. తెర వైపు అలాగే చూసింది. తర్వాత చున్నీతో కళ్లు ఒత్తుకుని, బ్యాగు తీసుకుని, అతని వైపు చూడకుండా బయటికి వెళ్లిపోయింది.

చదివింది, కాదంది అనుకున్నాడు జాషువా. కళ్లనీళ్లు జాలికి అనుకున్నాడు. కుర్చీలోంచి లేవలేదు.

సోమవారం స్టాఫ్‌రూమ్‌లో స్వీట్లు పంచారు. పిల్లవాడికి నచ్చిందట, గురువారమే ఎంగేజ్‌మెంట్ అట, పెండ్లి తర్వాత హైదరాబాద్‌లో కాపురమట. దీప్తి జాషువా ముందుకు డబ్బా చాపింది.

"కంగ్రాట్స్ మేడమ్."

"థ్యాంక్స్," అంది ఆమె. ఇంకో మాట వస్తుందేమోనని ఒక్క క్షణం నిలబడింది. రాలేదు.

ఎంగేజ్‌మెంట్ అయిపోయింది. ఆ తర్వాతి సోమవారానికి పరీక్షలూ ముగిశాయి. మార్కులు ఇచ్చేసి, రాజీనామా కాగితం దామోదర్ చేతిలో పెట్టి, అందరికీ చెప్పి వెళ్దామని దీప్తి ఆ రోజే వచ్చింది. జాషువా తలెత్తకుండా తన పని తాను చేసుకుంటున్నాడు. పరీక్షల ముందు ఆపేసినవన్నీ ఒక్కొక్కటే మళ్లీ నడిపిస్తున్నాడు. అందులో పొద్దుటి జాబితా కూడా ఒకటి. దాన్ని నడపగానే తెర మీద ఒక వరుస పడింది.

కొత్తగా చేరిన ప్యాకేజీలు: ఒకటి.

ఆ ఒకటి ఏమిటో చూశాడు. దీప్తి.

కొంతసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. పరీక్షలు నడిచేటప్పుడు ఏ కంప్యూటర్‌లోనూ ఏదీ మారకూడదని ప్రతి సెమిస్టర్‌లాగే ఈసారి కూడా తనే, తన చేతులతోనే, పరీక్షలు మొదలయ్యే రోజు పొద్దున్న జాబితా రాయడం ఆపేశాడు. బుధవారం పెట్టిన ప్యాకేజీ గోదాములో ఉంది. జాబితాలోకి ఎక్కలేదు. రెండు రోజులు ఆమె వెతికినది పాత జాబితాలో.

దీప్తి అప్పటికే బయల్దేరిపోయింది. జాషువా పరుగెత్తాడు. హైవే పక్కన బస్సుల కోసం జనం నిలబడే చోట దీప్తి ఒక్కతే ఉంది, మధ్యాహ్నపు ఎండకు చున్నీ తల మీద వేసుకుని.

"మేడమ్. ఆనాడు మీరు వెతికితే ఏమొచ్చింది?"

"ఏం రాలే. గిట్లాంటి ప్యాకేజీ లేదు అని వచ్చింది." ఆమె గొంతులో కోపం లేదు. "పోనీలే జాషువా. గదంతా ఎందుకిప్పుడు?"

"నేను పెట్టిన. బుధవారమే పెట్టిన. జాబితా బంద్ చేసి ఉంటి, పరీక్షలని. మర్చిపోయిన." ఫోన్‌లో తీసుకొచ్చిన ఆ నాలుగు ముక్కలూ చూపించాడు.

దీప్తి చదివింది. మళ్లీ చదివింది. తర్వాత అతని ముఖం చూసింది.

"శుక్రవారం నేను ఏడ్సుకుంట బయటికి పోయిన. చూసినవా?"

"చూసిన."

"మరెందుకు లేవలే?"

జాషువా ఫోన్ కోసం చెయ్యి చాపితే ఆమె ఇవ్వలేదు.

"జాబితా మర్చిపోతే మర్చిపోయినవ్. మనిషివి, మర్చిపోతవ్. గని నేను ఏడుస్తుంటే ఇరవై అడుగుల దూరంల కూసున్నవ్. ఏమైంది అని ఒక్క మాట అడిగితే అయిపోతుండె కదా. పోనీ సోమవారం అడిగినా అయిపోతుండె. కంగ్రాట్స్ అన్నవ్."

"తప్పు నాదే. ఇప్పుడన్నా మీ నాయిన దగ్గరికి వస్త. ఇయ్యాల్నే వస్త."

"నాయిన సంగతి కాదు." చున్నీ చివరతో ముఖం తుడుచుకుంది. "శ్రీకాంత్ అడిగిండు నన్ను, ఎవరన్నా ఉన్నరా అని. ఉంటే చెప్పు, నేనే వద్దంట అన్నడు. ఉన్నడనుకున్న, లేడు అన్న. గా మాట నమ్మి ఒప్పుకున్నడు. ఎవ్వరూ నన్ను బలవంతపెట్టలే జాషువా. నేనే ఊ అన్న. ఇప్పుడు పోయి ఏమని చెప్పాలె ఆయనకు?"

నార్కట్‌పల్లి బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ పిలిచాడు. దీప్తి ఎక్కలేదు. బస్సు వెళ్లిపోయింది.

"రాసింది చదివిన," అంది. "ఇప్పుడు నోటితోని చెప్పు. ఒక్కసారి వినాలె."

లారీలు పోతున్నాయి. దుమ్ము లేస్తోంది. ఇన్ని నెలలు గొంతులోనే ఉండిపోయిన మాట అతనికి అప్పుడు దొరికింది.

"నువ్వంటే నాకు ప్రాణం. నువ్వు లేకుంటే ఎట్లుండాల్నో నాకు తెల్వదు. పోవద్దు."

దీప్తి కళ్లు మూసుకుని వింది. రెండు చెంపల మీదా నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. రెండో బస్సు వచ్చింది. అది కూడా వెళ్లిపోయింది.  ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు, అంతే. జాషువాకు అరగంట గడిచిందో గంట గడిచిందో తెలియలేదు.

మూడో బస్సు దూరంగా కనబడినప్పుడు ఆమె అతని ఫోన్ అతని చేతికే తిరిగి ఇచ్చేసింది.

"ఎవరినన్నా ప్రేమిస్తే ఇంకోసారి గిట్ల చెయ్యకు," అంది. "లేచి పోయి అడుగు."

బస్సు ఆగింది. దీప్తి ఎక్కింది.