చిన్న డాక్టరమ్మ ఇచ్చిన జ్యూస్

ప్రశ్న ఇంకా సగంలోనే ఉంది. స్ప్రింగ్ అప్పుడే బజర్ మీద అరచెయ్యి వేసేశాడు.

“నీలి తిమింగలం,” అన్నాడు కుర్చీలోంచి ఎగిరి లేచి.

“పూర్తిగా వినవయ్యా బాబూ,” అంది క్లాస్ టీచర్. “అన్నిటికంటే పెద్ద జంతువు నీలి తిమింగలం, మరి నేల మీద తిరిగేవాటిలో ఏది పెద్దది అని అడగబోయాను. మైనస్ ఐదు.”

“ఏనుగు,” అన్నాడు స్ప్రింగ్.

“ఇప్పుడు చెప్పి ఏం లాభం?”

పక్క కుర్చీలో చిన్న డాక్టరమ్మ తల పట్టుకుంది. ఆ పూట ప్రాక్టీసులో అది నాలుగో మైనస్.

శుక్రవారం స్కూల్లో క్విజ్. సెక్షన్‌కి ఒక జట్టు, జట్టుకి ఇద్దరు. చీటీలు తీస్తే ఈ ఇద్దరి పేర్లూ వచ్చాయి. రెండేళ్లుగా కప్పు పక్క సెక్షన్ అల్మరాలోనే తిష్ట వేసుకుని ఉంది. ఈసారి దాన్ని ఎలాగైనా తేవాలని చిన్న డాక్టరమ్మ కంకణం కట్టుకుంది.

స్ప్రింగ్ అన్న పేరు వాడికి ఎవరో పెట్టింది కాదు, వాడే పెట్టుకున్నాడు. వాడికి తెలియని సంగతి లేదు. ఆక్టోపస్‌కి మూడు గుండెలని చెబుతాడు. చెబుతూ చెబుతూనే పక్కవాళ్ల పెన్సిల్ బాక్స్ కింద పడేస్తాడు, దాన్ని తీయబోయి బల్లకి తల కొట్టుకుంటాడు, అది మరిచిపోయి కిటికీ దగ్గరకి వెళ్లిపోతాడు.

ఇక చిన్న డాక్టరమ్మ సంగతి. వాళ్ల అమ్మమ్మ ఇంటి ముందు గదిలో మూలికల కొట్టు నడుపుతుంది. గోడల నిండా గాజు సీసాలు, వాటి నిండా ఎండు ఆకులు, వేళ్లు, పూలు. సాయంత్రం పూట ఈ పిల్ల సీసాలు తుడుస్తుంది, పొట్లాలు కడుతుంది. కళ్లు మూసుకుని వాసన చూసి అది ఏ ఆకో చెప్పేస్తుంది. అది చూసి కొట్టుకి వచ్చేవాళ్లు “ఏం చిన్న డాక్టరమ్మా” అని పలకరిస్తారు. అలా పిలిచిన ప్రతిసారీ మన పిల్ల ఒక అంగుళం పొడుగవుతుంది.

ఆ సాయంత్రం ఒకావిడ వచ్చి అమ్మమ్మతో చాలాసేపు మాట్లాడింది. పొట్లం కడుతున్న చిన్న డాక్టరమ్మ చెవిన పడింది చివరి మాట ఒక్కటే. “రాత్రి పడుకోబోయే ముందు ఒక్క చెంచా. మనసు నిమ్మళిస్తుంది,” అంది అమ్మమ్మ.

మనసు నిమ్మళిస్తుందట. స్ప్రింగ్‌కి కావలసింది అదే కదా అనుకుంది.

మర్నాడు పొద్దున్న అమ్మమ్మ పెరట్లో ఆకులు ఆరబోస్తోంది. చిన్న డాక్టరమ్మ నిన్న పొట్లం కట్టిన ఆకు సీసా దించి, ఫ్లాస్క్‌లోని వేడినీళ్లలో ఆకు నానబెట్టింది. ఒక చెంచా సరిపోతుందని తెలుసు. కానీ స్ప్రింగ్ మామూలువాడు కాదు కదా, అందుకని నాలుగు వేసింది. వడగట్టి, నిమ్మకాయ పిండి, పంచదార కలిపి సీసాలో పోసుకుని స్కూలుకి పట్టుకెళ్లింది.

“ఏంటిది?” అన్నాడు స్ప్రింగ్, అన్నాల బెల్లు కాగానే ఆమె సీసా చేతికిస్తే.

“జ్యూస్. నీకోసమే తెచ్చా.”

వాడు వాసన చూశాడు. “ఉతకని సాక్సు కంపు కొడుతోంది.”

“నేను ఇంత కష్టపడి చేసుకొస్తే వంకలు పెడతావేంటి? తాగు.”

స్నేహితురాలు ఇచ్చింది కాబట్టి స్ప్రింగ్ ముక్కు మూసుకుని గటగటా తాగేశాడు.

మధ్యాహ్నం ప్రాక్టీసులో మూడు ప్రశ్నలయ్యేదాకా వాడు కుర్చీలోంచి కదిలితే ఒట్టు. చిన్న డాక్టరమ్మకి కాళ్లు నేల మీద ఆనలేదు. నాలుగో ప్రశ్నకి టీచర్ నోరు తెరవగానే బజర్ మోగింది. మోగుతూనే ఉంది, ఆగలేదు. చూస్తే స్ప్రింగ్ చెంప బజర్ మీద ఆనించి గురక పెడుతున్నాడు.

క్లాసంతా పగలబడి నవ్వింది. టీచర్ వాడిని కుదిపింది. వాడు ఒక కన్ను తెరిచి, “ఆక్టోపస్,” అని మళ్లీ పడుకున్నాడు. ఇంకోసారి కుదిపింది. ఈసారి కన్ను కూడా తెరవలేదు. నవ్వులు ఆగిపోయాయి.

స్ప్రింగ్ వాళ్ల అమ్మ పోస్టాఫీసులో పనిచేస్తుంది. కబురు అందగానే యూనిఫామ్‌తోనే పరుగెత్తుకొచ్చింది. “ఏం తిన్నాడండీ? పొద్దున్న డాక్టర్ రాసిన మాత్ర వేసుకున్నాడు. దాని మీద ఇంకేమైనా తీసుకున్నాడా?” అంది. అడుగుతూనే కొడుకు చెంపలు తడుతోంది.

మాత్రా? ఆ సంగతి చిన్న డాక్టరమ్మకి తెలియనే తెలియదు. సీసా ఇవ్వడం ఎవరూ చూడలేదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆ అమ్మని చూస్తూ ఎలా ఊరుకుంటుంది?

“నేనే ఇచ్చానాంటీ,” అంది ఏడుపు గొంతుతో. “నాలుగు చెంచాల ఆకు. జ్యూస్ అని అబద్ధం చెప్పాను.”

స్ప్రింగ్‌ని క్లినిక్‌కి తీసుకెళ్తూ టీచర్ అమ్మమ్మకి ఫోన్ చేసింది. అమ్మమ్మ ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి తాతయ్య చెప్పు వేసుకుని, ఆకు సీసా చంకన పెట్టుకుని తిన్నగా క్లినిక్‌కే వచ్చింది. డాక్టర్ ఆకు చూసి, మాత్ర పేరు అడిగి, స్ప్రింగ్‌ని పరీక్ష చేసింది.

“అదృష్టం, ప్రమాదమేమీ లేదు. నిద్ర తీరాక లేస్తాడు. కానీ ఆకులే కదా అనుకోకండి. కొన్ని మాత్రలతో కలిస్తే చాలా ఇబ్బంది పెడతాయి,” అంది.

మర్నాడు స్ప్రింగ్ బడికి వచ్చాడు. వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. చిన్న డాక్టరమ్మ అక్కడికి వెళ్లింది.

“మనం గెలవాలనే కదా…”

“నేనేమైనా పాడైపోయిన ఫ్యాన్‌నా, నాకు చెప్పకుండా రిపేరు చెయ్యడానికి?” అన్నాడు వాడు. అని మొహం తిప్పుకున్నాడు.

ఆ మాట సూటిగా వెళ్లి గుచ్చుకుంది. కప్పు సంగతి దేవుడెరుగు, వాడు మళ్లీ తన పక్కన కూర్చుంటాడా అన్నదే ఇప్పుడు ఆ పిల్ల బెంగ.

సాయంత్రం కొట్లో అమ్మమ్మ తిట్టలేదు. “ఇవాళ సీసాలు తుడవద్దు. నా పక్కన కూర్చుని విను,” అంది.

ఒకాయన వచ్చాడు. “మా వాడు పుస్తకం ముందు రెండు నిమిషాలు కూర్చోడండీ. ఏదైనా ఆకు ఇవ్వండి,” అన్నాడు.

అమ్మమ్మ సీసాల వైపు చూడనైనా లేదు. పిల్లవాడు బాగా నిద్రపోతాడా, ఏం తింటాడు, మందులేమైనా వాడుతున్నాడా అని ఒక్కొక్కటే అడిగింది. చివరికి, “వాడేమంటాడు?” అంది.

“వాడినేం అడుగుతామండీ, చిన్నపిల్లాడు.”

“ఇబ్బంది వాడిదైతే వాడినే కదా అడగాలి? ముందు డాక్టర్‌కి చూపించండి నాయనా. నిద్రపట్టని పెద్దవాళ్లకి నా దగ్గర ఆకు ఉంది గానీ, పిల్లలకి చదువు మీద ధ్యాస నిలబెట్టే ఆకు ఉందని నేను చెప్పలేను.”

ఆయన ఖాళీ చేతులతో వెళ్లిపోయాడు.

“ఏమీ ఇవ్వలేదేంటి అమ్మమ్మా?”

“అడగడమే నా పనిలో పెద్ద పని తల్లీ. నువ్వు నా సీసాలన్నీ నేర్చుకున్నావు, అడగడం మాత్రం నేర్చుకోలేదు.”

గురువారం పొద్దున్నే వెళ్లి చివరి బెంచీ దగ్గర నిలబడింది. “సారీ. నీకు అబద్ధం చెప్పాను. అది తప్పు,” అంది. వాడు బ్యాగు జిప్పు లాగుతూ కూర్చున్నాడు. “ఒక్కటి అడగనా? ప్రశ్న చివరిదాకా వినాలంటే నీకేం కావాలి?”

స్ప్రింగ్ వింతగా చూశాడు. ఇప్పటిదాకా అందరూ కూర్చో అన్నవాళ్లే గానీ, ఇలా అడిగినవాళ్లు లేరు.

“కూర్చుంటే కాళ్లు కదపకుండా ఆపడానికే నా బుర్రంతా సరిపోతుంది,” అన్నాడు కాస్త ఆలోచించి. “నిలబడితే బాగా వినిపిస్తుంది.”

“మరి బజర్?”

“అది నాకు అందకుండా ఉంటేనే మంచిది,” అని వాడే కిసుక్కున నవ్వాడు.

ఇద్దరూ కలిసి టీచర్ దగ్గరకి వెళ్లారు. టీచర్ రూల్స్ కాగితం రెండువైపులా తిప్పి చూసింది. “కూర్చోవాలని ఎక్కడా లేదే,” అంది.

శుక్రవారం వచ్చింది. ముందే చెప్పేస్తున్నాను, కప్పు ఈసారి కూడా పక్క సెక్షన్‌కే పోయింది, అదీ ఐదే ఐదు మార్కుల తేడాతో. ఇక దాని గురించి బెంగపడకుండా మిగతాది వినండి.

హాలు కిక్కిరిసిపోయింది. స్టేజి మీద అందరూ కూర్చుని ఉన్నారు. స్ప్రింగ్ ఒక్కడే నిలబడి, ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి ఊగుతున్నాడు. వెనక నుంచి ఎవరో “కూర్చోరా, కనబడట్లేదు,” అని అరిచారు. నాలుగు మూలల నుంచీ నవ్వులు లేచాయి. స్ప్రింగ్ చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి మెల్లగా కుర్చీ మీదికి వెళ్లింది. కూర్చోబోతున్నాడు.

చిన్న డాక్టరమ్మ తన కుర్చీని చప్పుడయ్యేలా వెనక్కి తోసి లేచింది. బజర్ చేతిలోకి తీసుకుని వాడి పక్కకి వచ్చి నిలబడింది. వాడిలాగే ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి ఊగడం మొదలుపెట్టింది.

“ఊగితే నీకూ బాగా వినిపిస్తుందా?” అన్నాడు స్ప్రింగ్ గుసగుసగా.

“ఏమో, చూస్తున్నా. నువ్వు ప్రశ్న విను,” అంది.

టీచర్ మొదటి ప్రశ్న చదివింది. స్ప్రింగ్ చివరి మాట దాకా విన్నాడు. విని తన జట్టు వైపు తిరిగి తలూపాడు. అప్పుడు చిన్న డాక్టరమ్మ బజర్ నొక్కింది.