పూలచిలువ, మొద్దుచిలువ

"మీ పాముని తీస్తారా, వేడినీళ్ళు పొయ్యమంటారా?"

మా రెంగనిస్ ప్రేమకథ ఈ మాటతో మొదలైంది. ఆదివారం పొద్దున దాగో వీధిలో బళ్ళు ఆపేస్తారు కదా, బాండుంగ్ ఊళ్ళో సగం మంది అక్కడే తిరుగుతుంటారు. నా బజిగుర్ బండి కూడా అక్కడే. కొబ్బరిపాలల్లో అల్లం, తాటిబెల్లం వేసి మరిగిస్తుంటే చలికి జనం ఎగబడి తాగుతారు. ఆ రోజు జనం కంటే ముందు కొండచిలువ వచ్చింది. పొయ్యి వెచ్చగా తగిలినట్టుంది, బండి కిందకి దూరి చక్రానికి చుట్టుకుని హాయిగా పడుకుంది.

నేను బండి వదిలేసి అవతలి గట్టు మీదున్నాను. రెంగనిస్ మాత్రం గరిటె పట్టుకుని నిలబడింది. అది మా అక్క కూతురు. అక్క పోయాక ఈ పిన్ని చేతుల్లోనే పెరిగింది, నన్ను బీబీ అంటుంది. పెళ్ళికూతుళ్ళకి కెబాయా అనే పొడుగు చేతుల రవికెలు కుడుతుంది, ఆదివారాలు నాకు సాయం వస్తుంది.

పాము వెనకాలే వచ్చిన కుర్రాడు ఏమాత్రం కంగారు పడలేదు. మా వైపు అమ్మాయిల్ని నెంగ్ అని పిలుస్తారు, అతనూ అలాగే పిలిచాడు.

"వేడినీళ్ళు వద్దు నెంగ్. ఒక గ్లాసు బజిగుర్ పొయ్యండి, నాకు. అది దానంతట అదే వస్తుంది."

"ఎప్పుడొస్తుంది?"

"దానికి బుద్ధి పుట్టినప్పుడు."

"మరి మీకెప్పుడు పుడుతుందో?"

కుర్రాడు పకపకా నవ్వాడు. పేరు జజాంగ్. జకార్తాకి వ్యాన్ తోలతాడు. ఆదివారం వస్తే కొండచిలువలు పెంచేవాళ్ళ గుంపులో తేలతాడు. వాళ్ళు పాముల్ని భుజాన వేసుకుని నిలబడతారు, జనం ఫోటోలు దిగుతారు. బండి కింద దూరిన పాము అతనిది కూడా కాదు, గుంపులో ఇంకెవరిదో. అతనుండే అద్దెగది ఇంటావిడ పాము పేరెత్తితేనే చీపురు తీస్తుందట. పెళ్ళయి సొంత ఇల్లంటూ చేరాక ఒక పెద్ద చిలువని తెచ్చుకోవాలని అతని కల.

ఆ పూట పాముకి బుద్ధి పుట్టేసరికి అతను నాలుగు గ్లాసులు తాగాడు. మరుసటి ఆదివారం పాము లేకుండానే వచ్చి అయిదు తాగాడు.

"కడుపు పాడవుతుంది కాంగ్," అంది రెంగనిస్. మా వాళ్ళు అన్ననీ, మనసైనవాణ్ణీ కాంగ్ అంటారు; ఇది కాంగ్ అందంటే నాకు అర్థమైపోయింది.

బాండుంగ్ వాన సంగతి తెలిసిందే, చెప్పకుండా వస్తుంది. ఒక ఆదివారం అలాగే వచ్చింది. గొడుగు ఒకటి, మనుషులు ఇద్దరు, మధ్యలో పాము. ఆ పాముతో సహా ఒకే గొడుగు కింద నడుచుకుంటూ పోయారు. రెంగనిస్ కుడి భుజం, అతని ఎడమ భుజం తడిసి ముద్దయ్యాయి. పాము మాత్రం పొడిగా ఉంది. నేను చూసి నవ్వుకున్నాను.

పాముల గురించి అతను ఎంత చెప్పినా రెంగనిస్ విసుక్కునేది కాదు. వచ్చినవాళ్ళందరికీ అతను చెప్పే పాఠం నాకూ కంఠతా వచ్చేసింది. "కోడిని ముట్టుకున్న చేత్తో పాముని ముట్టుకోకండి. దానికి చూపు తక్కువ, వాసన ఎక్కువ. చెయ్యే కోడి అనుకుంటుంది. జనంలోకి తెచ్చే పాముకి ముందు కొన్నాళ్ళు తిండి పెట్టకూడదు, చేతులు మారితే కక్కేస్తుంది."

"అంటే ఆకలి మీదున్న పాముని మా భుజాల మీద వేస్తున్నావా?" అని రెంగనిస్ అడిగింది ఒకసారి.

"చేతులు శుభ్రంగా ఉంటే భయమేం లేదు నెంగ్."

మా బావ, అంటే రెంగనిస్ అబా అని పిలిచే వాళ్ళ నాన్న, బూట్లు కుడతాడు. మనిషి తక్కువ మాట్లాడతాడు. జజాంగ్ పిల్లనడగడానికి ఇంటికొచ్చి ఆయన చేతిని కళ్ళకద్దుకుని కూర్చుంటే, చేతిలో ఉన్న బూటు అడుగు కుట్టడం పూర్తిచేసి, నోరు విప్పాడు.

"నువ్వు వారంలో సగం రోజులు జకార్తాలో ఉంటావు. ఇంట్లో ఇదీ, నీ పామూ ఉంటాయి. పెద్ద చిలువంటే ఇరవై ఏళ్ళు బతుకుతుందన్నావు కదా?"

"అవునబా. బాగా చూసుకుంటే ఇంకా ఎక్కువే."

"అయితే ఆ పాముని మా అమ్మాయే ఎంచుకోవాలి. ఒక్కతే చూసుకోగలిగినదాన్ని. నాకింకేం అడ్డు లేదు."

"అంతేనా అబా!" అని జజాంగ్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. రెంగనిస్ మొహం చూడాలి ఆ రోజు, దీపం పెట్టినట్టుంది.

లెంబాంగ్ కొండ మీద చిలువల్ని పెంచి అమ్మే ఆయన ఇంటికి ముగ్గురం వెళ్ళాం. నన్ను ఎందుకు లాక్కుపోయారంటే, పెళ్ళికాని పిల్ల ఒంటరిగా వెళ్ళకూడదని. నేను గుమ్మం దాటితే ఒట్టు.

మా దగ్గర పెద్ద చిలువల్లో ముఖ్యంగా రెండే రకాలు పెంచుతారు. ఒకటి పూలచిలువ. ఒంటి నిండా బాటిక్ గుడ్డ మీద అద్దినట్టు నల్లటి, బంగారు రంగు ముగ్గులు. ఎంత పొడుగైనా పెరుగుతుంది, చురుకు, కోపం ముక్కు మీదుంటుంది. రెండోది మొద్దుచిలువ. లావుగా, నెమ్మదిగా, లోకం ఏమైపోయినా పట్టనట్టు పడుంటుంది.

ఆయన మొద్దుచిలువ పిల్లని రెంగనిస్ చేతుల్లో పెట్టాడు. అది మెల్లగా పాకి, రెంగనిస్ మెడ పక్కన తల ఆనించి, ఇక కదల్లేదు.

"బీబీ! చూడు చూడు, నిద్రపోయింది!"

"ఇక్కణ్ణుంచే చూస్తున్నాలేవే తల్లీ!"

"దీన్నైతే నేను ఒక్కదాన్నే చూసుకోగలను కాంగ్. భయమే వెయ్యట్లేదు."

జజాంగ్ మాత్రం అటు చూడట్లేదు. పక్క పెట్టెలో ఉన్న పూలచిలువ ముందు మోకాళ్ళ మీద కూర్చుని గుడ్లప్పగించి చూస్తున్నాడు. నా కంటే పొడుగున్న పాము అది. అద్దానికి ముక్కు ఆనించి అతన్నే చూస్తోంది.

"నెంగ్, ఇటు రా. దీని కళ్ళు చూడు. నారింజ రంగు!"

"బాగుంది. మరి ఇదో?"

"అది మొద్దు నెంగ్. పెంచినా ఒకటే, దిండు కొనుక్కున్నా ఒకటే. పైగా దానికి సర్కారు వాళ్ళ కాగితాలు కావాలి, ఆ తిరుగుడు ఎవడు తిరుగుతాడు? ఇది చూడు, ఎంత తెలివో. మనుషుల్ని గుర్తుపడుతుంది."

"ఇది కరుస్తుందా?"

"అలవాటైతే కరవదు."

"నువ్వు లేనప్పుడు నేనే కదా దీనికి తిండి పెట్టాలి?"

"నేర్పిస్తాగా! నన్ను నమ్మవా?"

రెంగనిస్ మెడ దగ్గరున్న పిల్లని మెల్లగా విడదీసి ఆయనకిచ్చేసింది. "నీ ఇష్టం కాంగ్," అంది.

దిగేటప్పుడు వ్యాన్‌లో వెనక సీట్లో నేను గొణిగాను. "ఎంచుకోవాల్సింది నువ్వు కదే? మీ నాన్న అంత స్పష్టంగా చెప్పాడు కదా?"

"అతని మొహం చూశావా బీబీ? ఎన్నేళ్ళ కలో. వద్దని ఎలా అంటాను?"

"అతను నీ మొహం చూశాడా?"

ముందు సీట్లో జజాంగ్ పూలచిలువ సంచిని పక్కన పెట్టుకుని, వ్యాన్ తోలుతూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. పెళ్ళయ్యేదాకా దాన్ని గుంపులో ఒకతని ఇంట్లో ఉంచుతాడట.

నిశ్చయం రోజున అతని వాళ్ళు పళ్ళేలు పట్టుకుని వచ్చారు. పళ్ళు, కేకులు, బాటిక్ గుడ్డలు. అనుకున్నదానికి రెండింతల మంది దిగారు. వంటింట్లో నేనొక్కదాన్నే అవస్థ పడుతుంటే రెంగనిస్ వచ్చి ఇంకో కోడిని ముక్కలు చెయ్యడం మొదలుపెట్టింది.

"పెళ్ళికూతురివి, నువ్వెందుకే?"

"పిలిచేదాకా ఊరికే కూర్చోనా? ఇటియ్యి కత్తి."

ముందు గదిలో పెద్దవాళ్ళ మాటలు సాగుతున్నాయి. మా బావ ఏదో మాటల్లో, "పాముని అమ్మాయి పట్టుకోగలుగుతోందా?" అని అడిగాడట. అంతే, మన హీరోకి హుషారు ముంచుకొచ్చింది. వ్యాన్‌లోంచి సంచి తెచ్చేశాడు. ఇంతమందిలోకి తేవాలని పది రోజులుగా దానికి తిండి పెట్టలేదు. కక్కితే పరువు పోతుంది కదా!

"నెంగ్! ఒకసారి ఇటు రా!"

రెంగనిస్ తలుపు దాకా వెళ్ళింది. "ఆగు కాంగ్, చేతులు కడుక్కుని వస్తా."

"అబ్బా, రావోయ్! అందరూ చూస్తున్నారు. ఒక్క నిమిషం."

ఆదివారం ఆదివారం ఊరందరికీ పాఠం చెప్పేవాడు, చేతులు కడుక్కోమని చెప్పేవాడు, పెళ్ళాం కాబోయే పిల్ల కడుక్కుంటానంటే ఆగలేకపోయాడు. పాముని తెచ్చి రెంగనిస్ భుజాన వేశాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. పాము తల కిందికి దించింది, పిల్ల చెయ్యి వాసన చూసింది. తర్వాత ఏం జరిగిందో కంటికి అందలేదు. బొటనవేలి మొదట్లో పట్టేసి, ముంజేతికి మూడు చుట్లు చుట్టేసింది.

రెంగనిస్ కేక పెట్టి చెయ్యి వెనక్కి లాగింది.

"లాగొద్దు!" అని అరిచాడు జజాంగ్. "లాగితే దాని పళ్ళు విరుగుతాయి!"

గది మొత్తం విన్నది ఆ మాట. నేనూ విన్నాను.

విడిపించడం అతనికి తెలుసు, అది కాదనను. తోక వైపు నుంచి చుట్లు విప్పాడు, నన్ను నీళ్ళు తెమ్మని పాము నోట్లో పోశాడు, అది వదిలేసింది. వదలగానే దాన్ని ఎత్తుకుని వసారాలో వెలుతురులోకి పరిగెత్తాడు. మా బావ పళ్ళెంలోంచి బాటిక్ గుడ్డ లాగి కూతురి చేతికి కట్టు కడుతున్నాడు. రక్తం ఆగట్లేదు. జజాంగ్ వసారాలో పాము నోరు తెరిచి లోపలికి చూస్తున్నాడు.

రెంగనిస్ ఏడవలేదు. అటే చూస్తూ అడిగింది.

"పళ్ళెలా ఉన్నాయి కాంగ్?"

"రెండు విరిగాయి నెంగ్," అన్నాడు, పాపం నిజంగానే బాధపడుతూ. "నోట్లో పుండు పడుతుందేమోనని భయంగా ఉంది."

"ఆ రెండూ నా చేతిలో ఉన్నాయి," అంది.

ఆసుపత్రిలో పళ్ళు తీశారు, కుట్లు వేశారు. నరానికి దెబ్బ తగిలిందన్నారు. బొటనవేలు వంగట్లేదు. సూది పట్టుకోవాలంటే అది వంగాలి. ఎవరి పెళ్ళికో సగం కుట్టిన కెబాయా మిషన్ మీద అలాగే ఉండిపోయింది.

జజాంగ్ సిగ్గుతో మొహం చూపించలేదు. రెంగనిస్ ఫోన్‌కి మాత్రం రోజూ ఒక మెసేజ్ వచ్చేది. క్షమించు నెంగ్. నాదే తప్పు నెంగ్. అది చదివి ఫోన్ పక్కన పెట్టేసేది.

మా బావ పెళ్ళి ఆపుదామనలేదు. "కరిచింది పాము. కుర్రాడు చెడ్డవాడు కాడు," అన్నాడు. "తొందరపడకు."

"నేనూ ఆపమన్లేదబా. అతను రానీ."

ఆ సాయంత్రం దాని జుట్టు నేను దువ్వుతున్నాను, ఒక చేత్తో తను దువ్వుకోలేదు కాబట్టి. ఉన్నట్టుండి అంది: "క్షమాపణలు నాకెందుకు బీబీ? చెయ్యెలా ఉంది అని ఒక్కసారి అడిగితే చాలు. అంతా మర్చిపోతాను. ఒట్టు."

"ఆ మాటే చెప్పవే వాడికి!"

"నేను చెబితే అడిగేదాంతో నాకేం పని?"

రెండు వారాలకి వచ్చాడు. వానలో తడుస్తూ వచ్చి వసారాలో నిలబడ్డాడు. నేను కిటికీ పక్కనే బియ్యం ఏరుతున్నాను. ఏరుతున్నట్టు నటిస్తున్నాను. రెంగనిస్ కట్టున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అతనికి కనబడేలా కూర్చుంది.

"అమ్మేశాను నెంగ్," అన్నాడు. "పాముని అమ్మేశాను. జకార్తాలో ఒకాయనకి."

"ఎప్పుడు?"

"నిన్న. నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. పెట్టెలో పెడుతుంటే తల బయటికి పెట్టింది. నావైపే చూసింది నెంగ్. ఆయనకి పెద్ద గది ఉంది, వేడి దీపాలున్నాయి. నోరు కూడా మానిపోయింది. కొత్త పళ్ళు వస్తున్నాయి."

"ఏడ్చావా?"

"దారి పొడుగునా." కళ్ళు తుడుచుకున్నాడు. "నీకోసమే చేశాను."

"తెలుసు."

వాన చూరు మీంచి ధారగా పడుతోంది. రెంగనిస్ ఒళ్ళో చెయ్యి కాస్త పైకి జరుపుకుంది. అడగరా నాయనా, అని నేను లోపల కొట్టుకుంటున్నాను. ఎదురుగా ఉంది కదరా, తెల్లగా, ఇంత లావు కట్టు. ఒక్క మాట అడగరా.

"ఇంకేమైనా అడగాలా కాంగ్?" అంది రెంగనిస్ చాలా నెమ్మదిగా.

అతను తలెత్తాడు. ఆ కళ్ళల్లో మళ్ళీ ఆదివారాల వెలుగు వచ్చింది.

"లెంబాంగ్ వెళ్దామా నెంగ్? నీకు నచ్చింది కదా, ఆ మొద్దుచిలువ! ఇంకా అమ్ముడుపోలేదట. నేను కనుక్కున్నాను. ఈసారి నువ్వే ఎంచుకో!"

నా చేతిలో చేట జారి బియ్యం నేలపాలైంది. నవ్వాలో, వెళ్ళి వాడి చెంప పగలగొట్టాలో తెలియలేదు.

రెంగనిస్ అతన్ని కాసేపు చూసింది. కోపంగా కాదు. కోపంగా చూసినా బాగుండేది.

"వాన పెద్దదవుతోంది కాంగ్. బయల్దేరు."

"మరి లెంబాంగ్?"

"జాగ్రత్తగా వెళ్ళు."

అతను అర్థంకానట్టే చెప్పులు వేసుకుని, రెండుసార్లు వెనక్కి చూస్తూ వెళ్ళిపోయాడు. అది లోపలికొచ్చింది. మా బావ చేతిలో పని ఆపి తలెత్తాడు.

"ఏమన్నాడే?"

"పాముని అమ్మేశాడట అబా."

"మంచి పని చేశాడు. పెళ్ళి తేదీ గురించి ఏమైనా అడిగాడా?"

"అతను తెచ్చిన పళ్ళేలు రేపు తిరిగి పంపించెయ్యండి," అంది రెంగనిస్. "నన్నేమీ అడగలేదు."