ఏడో రౌండ్ తమ్ముడు

"లేటు," అన్నారు వెనక వరసలోంచి ఎవరో.

టెస్సా తల తిప్పలేదు. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో ఆమె తమ్ముడు ట్రెంట్ మళ్లీ బంతి అందుకున్నాడు. నాలుగడుగులు వెనక్కి వేసి, కుడివైపు గీత వెంట పరుగెత్తుతున్న కుర్రాడికి విసిరాడు. బంతి వాన చినుకుల్ని కోసుకుంటూ వెళ్లి సరిగ్గా ఆ కుర్రాడి చేతుల్లో పడింది.

"ఇదీ లేటే."

ఈసారి టెస్సా గొడుగుతో సహా గిర్రున తిరిగింది. గొడుగు మీది నీళ్లన్నీ ఆ మనిషి ఒళ్లో పడ్డాయి.

"అయ్యో, సారీ," అంది, ఆ ఛాయలేవీ ముఖంలో లేకుండా. "ఏంటండీ లేటు? పట్టుకున్నాడుగా?"

"ఇక్కడ పట్టుకున్నాడు," ప్యాంటు దులుపుకుంటూ అన్నాడతను. పొడుగ్గా, నల్లగా ఉన్నాడు. మాటలో అమెరికా దక్షిణాది సాగదీత. "పక్కన అడ్డుకునేవాడు లేడు కాబట్టి. పెద్ద లీగ్‌లో అయితే ఆ బంతి చేరేలోపు అవతలి జట్టువాడొచ్చి ఎత్తుకుపోతాడు."

"అంత కచ్చితంగా చెప్పడానికి మీరెవరు?"

"కెల్విన్ టిబ్స్. టొలీడో జట్టు స్కౌటుని. కాలేజీ కుర్రాళ్లలో ఎవరు నిలబడతారో చూసి చెప్పడం నా ఉద్యోగం. మీకు ఫుట్‌బాల్ అంటే ఇష్టమా?"

"ఏదో కాలక్షేపం," అంది టెస్సా అమాయకంగా. "అయితే ఆ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ పనికిరాడంటారు?"

"చెయ్యి మంచిది. బుర్ర ఇంకా మంచిది. కానీ ఎవడైనా మీదకి దూకితే చూపు నేలకి దిగిపోతుంది. బంతి ఎవరికి విసరాలో తేల్చాల్సినవాడే కింద చూస్తే జట్టు గతేం కావాలి? ఇలాంటివాళ్లని పెద్ద జట్లు ఏప్రిల్ ఎంపికలో చిట్టచివర, ఏ ఆరో రౌండ్లోనో ఏడో రౌండ్లోనో తీసుకుంటాయి. ఆగస్టుకల్లా ఇంటికి పంపేస్తారు. నన్నడిగితే అసలు వద్దంటాను."

"అక్కా!" మైదానంలోంచి ట్రెంట్ చెయ్యి ఊపాడు. "ఎలా విసిరాను?"

కెల్విన్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"అదరగొట్టావురా!" టెస్సా అరిచింది. "ఇక్కడొకాయన నిన్ను తెగ మెచ్చుకుంటున్నాడు!"

మర్నాడు అదే పెద్దమనిషి వాళ్లింటి తలుపు తట్టాడు. కుర్రాడి నడవడి గురించి ఇంట్లోవాళ్లని అడిగి తెలుసుకోవడం కూడా స్కౌటు పనే. తలుపు మీద వాసెక్ అన్న ఇంటిపేరు చూసి, తీసేది గొడుగు మనిషి కాకుంటే బాగుండుననుకున్నాడు. ఆమే తీసింది.

"రండి, లేటయిందేం?" అంది టెస్సా.

వాళ్లమ్మ లోరెన్ స్కూలు బస్సు నడుపుతుంది. నెబ్రాస్కాలో ఆ చిన్న ఊరి పిల్లలందరినీ ముప్పై ఏళ్లుగా అదిలించిన గొంతు ఆమెది. ఎవరొచ్చినా ముందు తినాలి, తర్వాతే మాట్లాడాలి. ఆప్రికాట్ జామ్ పెట్టి కాల్చిన తీపి బన్నులు, కొలాచీలు, పళ్లెం నిండా తెచ్చి కెల్విన్ ముందు పెట్టింది.

"థాంక్యూ మేడమ్."

"మేడమ్ ఏంటయ్యా, నేనేమైనా కోర్టులో జడ్జినా? లోరెన్ అను. తిను."

తిన్నాడు. అడగాల్సినవి అడిగాడు. లోరెన్ లోపలికి వెళ్లగానే టెస్సా కుర్చీ ముందుకి జరుపుకుంది.

"మా అమ్మ ముందు మంచివాడిలా కూర్చున్నారు కానీ, నిన్నటి మాట మారిందా?"

"లేదు," అన్నాడు కెల్విన్. "నేనూ క్వార్టర్‌బ్యాక్‌నే. ఏడో రౌండ్లో తీసుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్లందరూ ఇరగదీస్తావన్నారు. నాలో లోపం ఏంటో ఒక్కడూ చెప్పలేదు. ఇంటికి పంపించేటప్పుడు చెప్పారు. అప్పుడు తెలిసి ఏం లాభం?"

టెస్సా ఇంకో కొలాచీ తీసి అతని చేతిలో పెట్టింది.

"నేను పశువుల డాక్టర్ని," అంది. "పుట్టిన దూడని చూసి ఇది లేవదు అని చెప్పిన రోజులున్నాయి. అందులో ఒకటి మర్నాడే లేచి నన్ను తన్నింది."

కెల్విన్ నవ్వాడు. నవ్వితే ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడుతుందని టెస్సా గమనించింది. గమనించినందుకు తనని తానే తిట్టుకుంది.

ఆ తర్వాత మార్చిలో మళ్లీ వచ్చాడు. చలిలో ఎలా విసురుతాడో చూడాలన్నాడు. ఇంకోసారి వచ్చి, ట్రెంట్ మోకాలి గురించి అడగాలన్నాడు.

"వాడి మోకాలి గురించి వాణ్ణి అడుగు. నా క్లినిక్‌కి ఎందుకొచ్చావ్?" ఈలోగా 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ తెలీదు.

"నువ్వు డాక్టరువి కదా?"

"ఆవులకి!"

"మోకాలు ఎవరిదైనా మోకాలేగా."

పక్కన కట్టేసిన ఆవు అతని కోటు జేబు నమలడం మొదలుపెట్టింది. టెస్సా చూసీ చెప్పలేదు.

ఏప్రిల్ చివరి శనివారం, ఎంపిక ఆఖరి రోజున, వాసెక్‌ల ఇల్లు చుట్టాలతో కిటకిటలాడింది. నాలుగో రౌండ్, ఐదో రౌండ్, ఆరో రౌండ్ గడిచిపోయాయి. పైకి ఎవరూ టీవీ వంక చూడ్డం లేదు. ఓరకంట అందరూ చూస్తూనే ఉన్నారు. ఏడో రౌండ్ ముగియబోతుండగా ట్రెంట్ ఫోన్ మోగింది. "అవును సార్... అవును సార్..." అన్నాడు, అంతే, ఏడ్చేశాడు. టొలీడో జట్టు!

ఇల్లు దద్దరిల్లింది. టెస్సా మాత్రం ఫోన్ పట్టుకుని వరండాలోకి నడిచింది.

"కెల్విన్, నిజం చెప్పు. నా ముఖం చూసి తీసుకున్నారా మావాణ్ణి?"

"లేదు."

"ఒట్టు?"

"ఒట్టు. నేను వద్దనే చెప్పాను."



"ఏమన్నావ్?"

"వద్దన్నాను. మా పెద్దాయన వినలేదు."

"మా అమ్మ చేతి కొలాచీలు అన్నేసి తిని మరీ వద్దన్నావా?"

"టెస్సా, ఇప్పుడే కదా నువ్వు..."

"తీసుకోమని నువ్వే చెప్పుంటే మావాడికి అవమానం. వద్దన్నావు కాబట్టి నాకు మంట. ఎలా చూసినా తప్పు నీదే!"

"ఒక్క మాట చెప్పనివ్వు—"

ఫోన్ పెట్టేసింది.

వెనక్కి తిరిగితే ట్రెంట్ కేకు ముక్కతో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"ఎందుకు వద్దన్నాడక్కా?"

దాచి లాభం లేదు. చెప్పింది. కోప్పడతాడనుకుంది. వాడు కేకు కిటికీ మీద పెట్టేసి మెట్ల మీద కూలబడ్డాడు.

"నిజమేనే. మీదకొస్తున్నారంటే నాకు తెలీకుండానే కళ్లు దిగిపోతాయి. ఎవరూ కనిపెట్టలేదనుకున్నా." తలెత్తాడు. "ఏం చెయ్యను?"

ఆ వేసవిలో జట్టు పిలిచినప్పుడల్లా ట్రెంట్ టొలీడో వెళ్లొచ్చాడు. ఇంటికొచ్చిన ప్రతి రోజూ పెరట్లో యుద్ధమే. ఎదర కంచెకి బట్టల బుట్ట కట్టారు. దాని పక్కన టెస్సా నిలబడి వేళ్లు చూపించేది. ఎన్ని వేళ్లో అరిచి చెప్పి, ఆపైన బుట్టలోకి విసరాలి. ఈలోపు లోరెన్ చీపురెత్తుకుని పక్కనుంచి వాడి మీదకి ఉరికేది.

"చూపు! చూపు!" అని ఆవిడే అరుస్తూ, ఆవిడే బాదేది.

"మూడు! అమ్మా, చెప్పాను కదా, ఎందుకు కొట్టావ్?"

"ఆలస్యంగా చెప్పావు. బస్సు వెళ్లిపోయింది."

మొదట్లో వాడి వీపు మీద చీపురు అచ్చులు పడ్డాయి. జూలై వచ్చేసరికి అమ్మే అలసిపోయి గడ్డిలో కూర్చోవడం మొదలుపెట్టింది. కెల్విన్ పంపిన మెసేజ్‌లకి టెస్సా మాత్రం "బిజీ" అని తప్ప జవాబివ్వలేదు. వాటిని మళ్లీ మళ్లీ చదువుకునేదన్నది వేరే విషయం.

ఆగస్టు ఆఖర్లో, జట్టులో ఎవర్ని ఉంచుతారో తేల్చే చివరి సన్నాహక మ్యాచ్. తల్లీకూతుళ్లు టొలీడో వెళ్లారు. వాళ్ల వరసలోనే మేనేజర్ వాల్ట్ బ్రన్నర్ కూర్చున్నాడు. జట్టులోకి ఎవర్ని తీసుకోవాలన్నా ఆఖరి మాట ఆ ముసలాయనదే. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, ఉన్న చోట ఉండలేకపోతున్నాడు. ఆయనకవతల కెల్విన్, ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి ఉన్నాడు.

"బాగున్నావా?" అన్నాడు టెస్సాతో.

"బిజీ," అంది టెస్సా, మైదానం వంక చూస్తూ.

ఆటలో చివరిదైన నాలుగో క్వార్టర్లో ట్రెంట్‌ని దింపారు. టొలీడో మూడు పాయింట్లు వెనక ఉంది. మొదటి బంతి నేలపాలు. రెండోదీ అంతే. టెస్సా గోళ్లు కొరకడం ఎప్పుడు మొదలెట్టిందో ఆమెకే తెలీదు.

మూడోసారి బంతి చేతికి రాగానే ఎడమవైపునుంచి గోడలాంటి మనిషి ఒకడు వాడి మీదకి దూసుకొచ్చాడు.

"చూపు!" లోరెన్ లేచి కేకేసింది.

ట్రెంట్ కళ్లు దిగలేదు. కుడి గీత వెంట పరుగెత్తుతున్నవాడు ఇంకా వెనక్కి తిరగనే లేదు, బంతి ట్రెంట్ చేతిలోంచి వెళ్లిపోయింది. మరుక్షణం వాణ్ణి ఆ గోడ నేలకేసి కొట్టింది. అవతల పరుగెత్తేవాడు తల తిప్పేసరికి బంతి గుండెల దగ్గర ఉంది. పట్టుకుని, అలాగే చివరి గీత దాటేశాడు. ఆరు పాయింట్లు!

స్టేడియం లేచి నిలబడింది. టెస్సా ఎవరినో గట్టిగా వాటేసుకుంది. చూస్తే బ్రన్నర్.

"టిబ్స్," అన్నాడాయన ఊపిరి పీల్చుకుంటూ, "నీ మాట వినకపోవడం మంచిదైంది."

"ఈయన వద్దన్నాక కూడా ఎందుకు తీసుకున్నారు సార్?" అడిగింది టెస్సా.

"సార్, ఇప్పుడవన్నీ—" అన్నాడు కెల్విన్.

"నీకు చెప్పలేదా!" బ్రన్నర్ ఆశ్చర్యపోయాడు. "ఆ రోజు గదిలో నేనూ కోచ్‌లూ అందరం ఉన్నాం. మీవాడి పేరు రాగానే ఇతను లేచి, 'నా మాట లెక్కలోకి తీసుకోకండి సార్, వాళ్ల అక్క అంటే నాకు ప్రేమ, నా చూపు వంకరై ఉండొచ్చు' అన్నాడు. సరే, ఆ వంకర చూపుకి ఏమనిపిస్తోంది అన్నాను. వద్దన్నాడు. అప్పుడనుకున్నాను, ఇంత నీతిమంతుడు, పక్షపాతం అంటారేమోనని భయపడి మార్కులు తగ్గించే ఉంటాడని. ఓ పది మార్కులు నేనే కలిపాను!"

టెస్సా మెల్లగా కెల్విన్ వైపు తిరిగింది.

"గది నిండా మనుషులకి చెప్పావన్నమాట."

"ఊఁ."

"నాకు తప్ప."

"ఫోన్‌లో చెప్దామనుకున్నా. పెట్టేశావ్."

"ఇప్పుడు పెట్టేయడానికి చేతిలో ఫోన్ లేదు. చెప్పు."

కెల్విన్ ఏదో గొణిగాడు.

"వినపడ్డం లేదయ్యా!" అంది లోరెన్. "గోలగా ఉంది, గట్టిగా చెప్పు!"

"నువ్వంటే నాకు ప్రేమ టెస్సా!" అని అరిచాడు. సరిగ్గా అప్పుడే స్టేడియం సద్దుమణిగింది. ముందు మూడు వరసల జనం వెనక్కి తిరిగి చూశారు. ఎవరో ఈల వేశారు.

టెస్సా ముఖం కందిపోయింది. అతని ఇస్త్రీ కాలర్ పట్టుకుని దగ్గరికి లాగి ముద్దు పెట్టుకుంది. ఈసారి చాలామంది ఈల వేశారు.

ట్రెంట్‌ని మూడో క్వార్టర్‌బ్యాక్‌గా ఉంచుకున్నారు. మొదటి ఇద్దరికీ ఏమైనా అయితే తప్ప ఆడించరు. అయినా జట్టులో ఉన్నాడు. ఆ కబురు తెలిసిన ఆదివారం నెబ్రాస్కాలో భోజనానికి కెల్విన్ వచ్చాడు. తిన్నాక ఇద్దరూ వరండాలో కూర్చున్నారు.

"ఇప్పుడు చెప్పు," అంది టెస్సా. "మావాడు నిలదొక్కుకుంటాడా?"

"తెలీదు."

"మొదటి రోజు అన్నీ తెలిసినట్టు మాట్లాడావ్?"

"అప్పుడు చూసింది నిజమే. వాడు మారతాడని చూడలేకపోయా. ఇలాంటివి తేలడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది."

"అయితే నాలుగేళ్లయ్యాక అడుగుతా. అప్పటికి ఎక్కడుంటావ్?"

"నువ్వెక్కడుంటే అక్కడ," అన్నాడు కెల్విన్, ఈసారి గొణక్కుండా.

వంటింటి కిటికీలోంచి లోరెన్ తల బయటికి పెట్టింది.

"ఫిబ్రవరి నుంచి దీనికి ఆవుల కాన్పులు. సెప్టెంబర్ నుంచి నీకు మ్యాచ్‌లు. నాకు బడి సెలవులిచ్చేది జూన్లో. పెళ్లి జూన్లో పెట్టుకోండి, వచ్చినవాళ్లని బస్సులో నేనే తిప్పుతాను!"