పావు ఆరుకు మేలుకునే యంత్రం

గురువారం నాటి రికార్డింగులో నది నీటిమట్టాలు లేవు.

పన్నెండు నిమిషాల అకార్డియన్ సంగీతం, అంతే. బుడాపెస్ట్ నగరంలో పళ్ళ ఎగుమతి సంస్థ అని బోర్డు తగిలించుకున్న గూఢచారి కార్యాలయంలో, శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి, గెడెయోన్ దానిని రెండుసార్లు విని ఆపేశాడు. ఆయన విభాగాధిపతి, అయినా అందరూ బాబాయ్ అనే పిలుస్తారు.

“మార్తోన్ సంగతి వాళ్ళకి తెలిసిపోయింది, అబ్బాయ్. ఇవాళ ముగించేస్తారు. ఎక్కడో మనకి తెలీదు,” అన్నాడు.

ఎదుట కూర్చున్న ఏజెంట్ వెండెల్ ముఖంలో రంగు మారింది. మార్తోన్ ఒక పరాయి దేశపు ముఠాలో రెండేళ్ళుగా పనిచేస్తున్న తమ మనిషి. రెండు రోజులుగా అతని జాడ లేదు. ముఠాకు ఓబుదా పేటలోని ఒక పాత భవనంలో చిన్న రేడియో కేంద్రం ఉంది. దాని గొంతు నాలుగు వీధులు దాటదు. రోజూ సాయంత్రం ఐదుంపావుకు అది డాన్యూబ్ నీటిమట్టాలను చదువుతుంది. దేశమంతా చిన్నప్పటి నుంచీ విసుగ్గా వినే ప్రకటన కనుక ఎవరూ చెవి ఒగ్గరు. ఆరు ఊళ్ళు, ఆరు అంకెలు. ఐదు అంకెలు నిజం. ఏ ఊరి అంకె అబద్ధమో, ఆ ఊరి పడవల రేవులో ఆరు గంటలకు ముఠా పని జరుగుతుంది.

ఆ ప్రకటనను పట్టుకోవడానికి వెండెల్, అతని సహచరి ఇల్కా ఆ భవనంలోనే ఒక ఖాళీ ఫ్లాటును సంపాదించారు. పక్క గదిలోనే ముఠా సాంకేతికుడు ఉంటాడు. గోడ పల్చన. మనిషి కాపలా ఉంటే అడుగుల చప్పుడు, కంప్యూటర్ రోజంతా నడిస్తే ఫ్యాన్ చప్పుడు. అందుకే కంప్యూటర్‌ను నిద్రపుచ్చి ఉంచారు. నిద్రపోయిన కంప్యూటర్ చచ్చిపోయినట్టు కాదు. లోపల గుండీ అంత బ్యాటరీతో ఒక చిన్న గడియారం మెలకువగానే ఉంటుంది. ఐదూ పదమూడుకు అది మిగతా యంత్రాన్ని తట్టి లేపుతుంది. యంత్రం రికార్డు చేసి, ఫైలును టెలిఫోన్ తీగ మీదుగా కార్యాలయానికి పంపి, మళ్ళీ పడుకుంటుంది. ఆ కాసేపూ సాంకేతికుడికి తన యంత్రం మోతే సరిపోతుంది. నలభై రోజులు ఒక్క నిమిషం తేడా రాలేదు. నిన్న మాత్రం అరగంట ఆలస్యంగా లేచింది.

యంత్రానికి వయసైపోయిందని కార్యాలయంలో అనుకుంటున్నారట. ఆ ఇంటికే ఏదో దోషముందని ఒకరు అన్నారట. వెండెల్ ఆ రెండు సిద్ధాంతాలనూ వినయంగా పక్కన పెట్టాడు. బ్యాటరీ బలహీనపడితే గడియారం కొద్దికొద్దిగా వెనకబడుతుంది. సరిగ్గా అరగంట వెనకబడదు.

“నువ్వే వెళ్ళి చూడు. సాయంత్రం ఇల్కాతో కలిసి ఎదురుగా కాఫీ దుకాణంలో కూర్చో,” అన్నాడు గెడెయోన్.

సాంకేతికుడు రోజూ పదకొండింటికి ఊళ్ళోని ఉమ్మడి స్నానశాలకు వెళతాడు. ఆ సమయానికి వెండెల్ పొగగొట్టాలు శుభ్రం చేసేవాడి నల్ల దుస్తుల్లో, భుజాన కుంచెతో మెట్లెక్కాడు. ఎదురైన ముసలావిడ అతణ్ణి చూడగానే అదృష్టం కోసం తన కోటు గుండీ పట్టుకుంది. ఆ నమ్మకానికి ఆధారమేమీ లేదు. అయితే గుండీ పట్టుకున్న మనిషి ఎదుటివాడి ముఖం చూడదు కనుక, వేషానికి మాత్రం అది బాగా పనికివచ్చింది.

కంప్యూటర్ తాను ఎప్పుడు లేచిందో, ఎవరు లేపారో రాసిపెట్టుకుంటుంది. వెండెల్ ఆ పట్టీ తెరిచాడు. బుధవారం పదకొండూ ఇరవైకి ఎవరో కీబోర్డు ముందు కూర్చుని మేలుకొలుపును ఐదూ నలభైమూడుకు మార్చారు. ఫ్లాటు తాళంచెవులు రెండే. ఒకటి అతని జేబులో ఉంది.

పొరపాటు అయ్యుండవచ్చు. ఒక్క పరిశీలనతో నిర్ధారణకు రావడం శాస్త్రీయం కాదని అతను తనకు తాను చెప్పుకున్నాడు. ఇల్కాతో ఎనిమిదేళ్ళ స్నేహం కూడా ఒక ఆధారమే కదా. గడియారాన్ని మళ్ళీ ఐదూ పదమూడుకు సరిదిద్ది, ఎవరికీ చెప్పకుండా దిగి వచ్చాడు.

సాయంత్రం ఐదు కొట్టేసరికి ఇద్దరూ కాఫీ దుకాణంలో కిటికీ పక్కన ఉన్నారు. ఇల్కా ఎర్ర కోటు విప్పి కుర్చీకి వేస్తే పక్క బల్లల వాళ్ళు మాటలు ఆపి చూశారు. దొంగతనంగా తిరగాల్సిన ఉద్యోగంలో అంత అందం అవసరమా అని వెండెల్ ఎప్పుడూ ఏడిపించేవాడు. అందరూ తననే చూస్తుంటే అతణ్ణి ఎవరూ చూడరని ఆమె జవాబిచ్చేది.

అతను మాటల మధ్యలో, తేలిగ్గా, బుధవారం గడియారం ముట్టుకున్నావా అని అడిగాడు.

ఇల్కా చెంచా ఆపి నుదురు కొట్టుకుంది. “అయ్యో, నేనే. బుధవారం కరెంటు పోయి వచ్చిందిగా, మళ్ళీ పెట్టాను. నువ్వు పావు ఆరు అన్నావు. నేను ఆరుకి పావు తక్కువ అనుకున్నా. తిట్టు, పడతాను. ఇప్పుడేం చేద్దాం?”

“ఇప్పుడు లోపలికి వెళ్ళలేం. ఆ పక్కగదివాడు వచ్చేశాడు,” అన్నాడు వెండెల్. తన గొంతు మామూలుగానే ఉండటం అతనికే ఆశ్చర్యం కలిగించింది.

హంగేరీ లెక్కలో ఐదు కొట్టగానే ఆరో గంట మొదలవుతుంది. అందులో పావు గడిస్తే పావు ఆరు, సగం గడిస్తే సగం ఆరు, ముప్పావు గడిస్తే ముప్పావు ఆరు. ఈ దేశంలో పుట్టినవాళ్ళకు అది నేర్చుకునే లెక్క కాదు. అన్నానికి పిలిచే అమ్మ గొంతులో వినిపించే లెక్క. ఇక్కడి మనిషి గడియారం పెట్టడం మరచిపోవచ్చు, ఒక మీట బదులు మరొకటి నొక్కవచ్చు. పావు ఆరును ఐదూ నలభైఅయిదు అనుకోవడం మాత్రం జరగదు. ఇల్కా కెచ్కెమెత్‌లో పుట్టిందని ఆమె ఫైలు చెబుతుంది. భాషలో ఎక్కడా యాస లేదు. సాకు ఒక్కటే పరాయి భాషలో తయారైంది.

ఐదుంపావు అయింది. ఐదున్నర అయింది. ఇల్కా ముఖంలో బిగువు సడలి, కేకు ఇంకో ముక్క తెప్పించుకుంది. ఐదూ ముప్పైరెండుకు వెండెల్ జేబులో ఫోను రెండుసార్లు వణికింది. తీసి చూస్తే గెడెయోన్ సందేశం: ఫైలు అందింది, ఊరు దొరికింది.

“ఎస్టర్‌గోమ్ రేవు. అక్కడికి మనవాళ్ళు పది నిమిషాల దూరంలో ఉన్నారట,” అన్నాడు.

ఇల్కా కిటికీలోంచి ఎదుటి భవనం వైపు చూసింది. తరువాత వీధి చివర ఆగిన రెండు కార్ల వైపు చూసింది. చెంచాను నెమ్మదిగా పళ్ళెంలో పెట్టింది.

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“నువ్వు చెప్పాకే. నిజంగా పొరపాటే అయుండాలని పొద్దుట్నుంచీ కోరుకుంటున్నా.”

“నాకు చెప్పకుండా ఊళ్ళన్నిట్లో మనుషుల్ని సిద్ధంగా ఉంచారన్నమాట. నీకు తెలుసా ఈ సంగతి?”

అతనికి తెలియదు. ఆ మాట అతని ముఖమే చెప్పింది కాబోలు, ఆమె జాలిగా నవ్వింది. ఆ జాలే అతణ్ణి ఎక్కువ నొప్పించింది.

“మా అమ్మ పోయినప్పుడు మూడు రోజులు నా పక్కనే కూర్చున్నావు. అదీ ఉద్యోగమేనా ఇల్కా?”

“కాదు. ఆ మూడు రోజులు సెలవు పెట్టాను.” ఆమె లేచి, కోటు తొడుక్కుని, లోపలికి వచ్చిన ఇద్దరి వెంట తానే నడిచి వెళ్ళింది.

ఆరు దాటిన పది నిమిషాలకు గెడెయోన్ వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. మార్తోన్‌ను పడవలోకి దింపుతుండగా, ఆరుకు ఒక్క నిమిషం ముందు, మనవాళ్ళు అడ్డుపడి విడిపించారని చెప్పాడు. ముఠాలో నలుగురు దొరికారు. సాంకేతికుడు కూడా.

“ఇల్కా సంగతి మీకు ఎన్నాళ్ళుగా తెలుసు, బాబాయ్?”

గెడెయోన్ దాచలేదు. చలికాలం నుంచి అనుమానం, వేసవి నుంచి దాదాపు నిశ్చయం. ముందే పట్టుకుంటే ముఠా అంకెలు మార్చేసి ఉండేది. వెండెల్‌కు చెబితే అతని ముఖం ఆ సంగతి దాచలేకపోయేది. అతని నమ్మకమే ఆమె కళ్ళకు కట్టిన గంత.

“నేను గడియారం సరిదిద్దకపోయుంటే? మార్తోన్?”

“దిద్దుతావని నమ్మాను,” అన్నాడు గెడెయోన్. ఆ మాట మీద ఆయనకే అంత నమ్మకం ఉన్నట్టు కనిపించలేదు. చేతిలోని ఫోను చూసుకుని, తడబడ్డాడు. “ఇంకో విషయం. మార్తోన్ ఒడ్డుకు చేరగానే మొదట అడిగింది ఆమె గురించే. తనవల్ల ఇల్కాకి ఏ ప్రమాదం వచ్చిందోనని ఒకటే గొడవట. క్షేమమేనా అని అడుగుతున్నాడు. ఏం చెప్పమంటావు?”

వెండెల్ ఆమె వదిలేసిన కేకు పళ్ళేన్ని పక్కకు జరిపాడు.

“క్షేమమే అని చెప్పండి. నాలుగు గోడలు, ఇనుప తలుపు, ఇద్దరు కాపలా. మన విభాగంలో ఇవాళ అంత క్షేమంగా ఇంకెవరూ లేరు.”